నీళ్లు ఆగిన కాడ

మల్లేపల్లి స్టేజీ కాడ నా పంచర్ల షాపు,
షాపు ఎనక రెండు రూములు,
రూముల ఎనక గడ్డపార దిగని మొరం నేల.
అండ్లనే తవ్వినం గుంత
మూడు ఆదివారాలు, నేనూ చంద్రకళా.
మోకాటి లోతు,
ఇద్దరు ఎదురుబొదురు కూసుంటే నిండేంత.

బిడ్డ పాలకవర్ల పట్టుకొచ్చింది ఏడు చాపపిల్లల్ని,
చెరువుల ఇడిశిపెట్టంగ
సొసైటీ బకెట్ అడుగున మిగిలినయట.
బట్టల టబ్బుల అవి గిర్రగిర్ర తిరుగుతుంటే
ఇగ బట్టలు ఏండ్ల పిండాలె అన్నట్టు
చంద్రకళ నా దిక్కు సూసింది.

మొరం నీళ్లను ఆపదు.
పోసిన ఇరవై బిందెలూ పొద్దుగూకేసరికి తాగి
మూతి తుడుసుకుంటది.
సిమెంటు జేపిద్దామంటే మేస్త్రి బుచ్చిరాములు
లెక్క జెప్పి, చాయ తాగి, పోయిండు.
తాటిపత్రి పద్దెనిమిది వందలు.
నా గల్లాపెట్టెల ఆ వారానికి నాలుగు వందల ముప్పై.

అప్పుడు యాదికొచ్చిండు గుండెబోయిన పర్వతాలు.
వార్డు మెంబరుకు నిలబడి
నాలుగు ఓట్లతోటి ఓడిండు.
పన్నెండు ఫీట్ల ఫ్లెక్సీల రెండు చేతులు జోడిచ్చి
నా షాపు గోడకు ఇంకా నవ్వుతనే ఉన్నడు.
అడిగితే, "తీస్కో అన్నా,
ఆ మొఖం నేనే సూడలేకపోతున్న" అన్నడు.

కింద గోనె సంచులు, కోసిన లారీ ట్యూబులు,
పక్కింటోళ్ల కుప్పల నుంచి నాలుగు తట్టల ఇసుక.
"మొఖం కిందికి పెట్టు" అన్నది చంద్రకళ,
"ఓడినోని మీద చాపలు ఏరగొద్దు."
బోర్ల పండవెట్టినం పర్వతాలును.
అంచుల మీద నాపరాళ్లు.

రెండు దినాలు మంచిగనే ఉన్నది.
మూడో నాడు జానెడు దిగింది.

ముప్పై ఏండ్ల సంది
ట్యూబును తొట్టిల ముంచి
బుడగ లేసిన కాడ ఏలు వెట్టినోన్ని.
గాలి ఎక్కడ నొస్తే అక్కడ మాట్లాడతది.
నీళ్లు అట్ల గాదు,
చెప్పకుంట పోతయి.
పసుపు కలిపి ఒక చుక్క ఇడిశి సూసిన,
ఏ దిక్కు గుంజుతదో అని.
అది నడిమిట్లనే పండుకున్నది.

"ఊకో" అన్నది చంద్రకళ బియ్యం ఏరుకుంట,
"దిగేదాన్ని దిగనీ.
ఆగిన కాడ అడుగుదాం."

ఐదో నాడు ఆగింది.
చుట్టూ తడి గీత, గాజు లెక్క.
ఆ గీత పొంటి ఏలు జరుపుకుంట పోతే
పడమటి దిక్కు దొరికినయి:
ఫ్రేము నడిమి కర్రకు కొట్టిన మొలల తొర్రలు.
ఓటు, ఓటు, ఓటు, ఓటు.
లెక్కవెట్టి మా ఆమె నవ్వింది.
నేను నవ్వుదామనుకొని ఆగిన.

ట్యూబు సొల్యూషన్ ఫ్లెక్సీకి అంటలేదు,
రెండుసార్లు ఏసిన, రెండుసార్లు పెచ్చు లేసింది.
నా పనితనం మీద నాకే కోపమొచ్చింది.
ఆఖరికి పైపుల గమ్ము, ముప్పై ఐదు రూపాయలు.
అతుకులకు ముక్క కావాలె గదా,
బయట మిగిలిన అంచు మీద 'మీ సేవకుడు' అని ఉన్నది.
మీ ని ఇడిశిపెట్టి
తక్కిన నాలుగు అచ్చరాలు కోసిన.
అంటిచ్చినంక సూస్తె వరుస తప్పినయి:
వ, డు, సే, కు.

చాపలు ఇప్పుడు వాటి ముంగట్నే తిరుగుతయి.
పచ్చగ పాకురు పడుతున్నది,
ముందుగాల డు పోయింది.

మొన్న పర్వతాలు బండికి గాలి కొట్టిచ్చుకునేటందుకొచ్చి
ఎనకకు పోయిండు సూస్తనని.
చాన సేపు గొంతుకూసున్నడు,
నీళ్లల్ల ఏలు పెట్టిండు, తీసిండు.
"ఎన్ని మిగిలినయన్నా?" అన్నడు.
"ఐదు."
"నయమే" అన్నడు.

గాలికి పది రూపాయలియ్యబోతే
వద్దన్న.
మళ్ల అనుకున్న, తీసుకోవాల్సింది,
మేత అయిపొయింది.